కలబంద ఔషధ గుణాలపై శాస్త్రీయ పరిశోధనలు

కలబంద తెలుగునాట పెరళ్ళలోను, కుండీలలోను, పొలంగట్ల మీద విరివిగా కనిపించే దళసరి ఆకుల మొక్క. దీని శాస్త్రీయ నామము అలో వెరా. కాలినచోట దీని గుజ్జు పూయడం, మలబద్ధకానికి దీని ఎండిన పసరును మింగడం వందల ఏళ్ళుగా ఉన్న అలవాట్లు. వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది పనిచేయదు, ఏది హాని చేస్తుంది అన్న సంగతిని 19వ శతాబ్దం నుండి రసాయన శాస్త్రవేత్తలు, 1930ల నుండి వైద్యులు పరీక్షిస్తూ వచ్చారు. ఈ పరిశోధనల ఫలితాలు పైకి ఒకదానితో ఒకటి పొసగనట్లు కనిపిస్తాయి. ఒకచోట మందు అని తేలినది మరొకచోట నిష్ప్రయోజనమని, ఇంకొకచోట హానికరమని తేలింది. దీనికి ముఖ్య కారణం, కలబంద అనే ఒకే పేరు క్రింద చేదు పసరు, చప్పని గుజ్జు అనే రెండు వేర్వేరు పదార్థాలు చలామణి కావడమే. ఏ ప్రయోగంలో దేనిని వాడారు, దానిని ఎలా తయారు చేశారు అనేది తెలియనిదే ఆ ప్రయోగ ఫలితానికి అర్థం లేదు.

పేర్లు, వర్గీకరణ

సంస్కృతంలో ఈ మొక్కను కుమారి, ఘృతకుమారి అంటారు. నేతి వలె జారే గుజ్జు ఉండటం వలన ఘృత శబ్దం చేరింది. హిందీలో ఘీ కువార్, గ్వార్ పాఠా అనే పేర్లు ఉన్నాయి. పసరును ఎండబెట్టగా వచ్చే నల్లని గట్టి ముద్దను తెలుగులో మూసాంబరం అంటారు. యునానీ వైద్యంలోని ముసబ్బర్ కూడా ఇదే. మూసాంబరం, కలబంద గుజ్జు ఒకటి కావు అన్న ఎరుక పచారీ కొట్లలోను, పాత గృహవైద్యంలోను ఉండేది. సీసాలలో అమ్మే 'అలోవెరా' అనే మాట వాడుకలోకి వచ్చాక ఆ తేడా మరుగున పడింది.

1753లో లిన్నేయస్ దీనిని మరొక జాతిలోని ఒక రకంగా పేర్కొన్నాడు. 1768 ఏప్రిల్‌లో నికొలాస్ బర్మన్ అలో వెరా అని, అదే నెలలో కొద్ది రోజుల తేడాతో ఫిలిప్ మిల్లర్ అలో బార్బడెన్సిస్ అని పేర్లు పెట్టారు. ముందుగా వెలువడినది కనుక బర్మన్ పెట్టిన పేరే నిలిచింది. అయినా వైద్య పత్రికలలో, సౌందర్య సాధనాల డబ్బాల మీద రెండవ పేరు నేటికీ కనిపిస్తుంది. రెండూ ఒకే మొక్క. పూర్వం లిలియేసి కుటుంబంలో చేర్చిన ఈ ప్రజాతిని ఇప్పుడు ఆస్ఫోడెలేసి కుటుంబంలో చూపిస్తున్నారు. ఈ ప్రజాతిలో 500కు పైగా జాతులు ఉన్నాయి. వాటిలో అలో వెరా పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పమని 2015లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం సూచించింది.

ఒకే ఆకులో రెండు పదార్థాలు

కలబంద మట్టను అడ్డంగా కోసి నిలబెడితే మొదట పసుపుపచ్చని, వాసనగల చేదు ద్రవం కారుతుంది. ఇది ఆకు పైతొక్కకు అడుగున, నాళికల చుట్టూ ఉన్న కణాలలో ఉంటుంది. దీనిలో ఆంత్రక్వినోన్ జాతి రసాయనాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది అలోయిన్. ఈ పసరును ఎండబెడితే మూసాంబరం వస్తుంది. ఐరోపా ఔషధ సంహిత ప్రకారం ఈ జాతి నుండి తీసిన మూసాంబరంలో కనీసం 28 శాతం అలోయిన్ తరగతి పదార్థాలు ఉండాలి.

పసరు కారిపోయిన తరువాత తొక్క ఒలిస్తే లోపల పారదర్శకమైన గుజ్జు ఉంటుంది. దీనిలో సుమారు 99 శాతం నీరే. మిగిలిన ఒక్క శాతంలో పిండిపదార్థాలు, ఆమ్లాలు, ఎంజైములు, లవణాలు ఉన్నాయి. పరిశోధకుల దృష్టిని ఎక్కువగా ఆకర్షించినది అసిమన్నన్ అనే పొడవైన చక్కెర గొలుసు. మాన్నోజ్ అనే చక్కెర అణువులు వరుసగా కూర్చుకొని, వాటికి అక్కడక్కడ ఎసిటైల్ సమూహాలు తగిలి ఉన్న నిర్మాణం ఇది. గుజ్జుకు జిగట ఇచ్చేది ఇటువంటి గొలుసులే.

ఈ మొక్క రాత్రివేళ మాత్రమే పత్రరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని, దానిని మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు రంధ్రాలు మూసి కిరణజన్య సంయోగక్రియ సాగిస్తుంది. అందువలన నీటి నష్టం చాలా తక్కువ. దిష్టి తగలకుండా గుమ్మానికి తలక్రిందులుగా వేలాడదీసిన కలబంద మట్టి, నీరు లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండటానికి ఇదే కారణం. ఈ మాలిక్ ఆమ్లం ప్రస్తావన కల్తీని పట్టుకొనే సందర్భంలో మరల వస్తుంది.

ప్రాచీన వైద్యంలో

క్రీ.పూ. 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లో కలబంద ప్రస్తావన ఉన్నదని చెబుతారు. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ దీనిని వివరంగా వర్ణించాడు. మధ్యధరా దేశాలకు సొకోట్రా ద్వీపం నుండి, తరువాతి కాలంలో ఐరోపాకు కరీబియన్ దీవులైన బార్బడోస్, కురసావ్‌ల నుండి సరుకు వెళ్ళేది. ఈ వ్యాపారమంతా ఎండిన పసరుకు సంబంధించినదే. గుజ్జు కోసిన కొద్ది గంటలకే పాడయిపోతుంది కాబట్టి దూరదేశాలకు ప్రయాణం చేయలేదు. కనుక 'వేల ఏళ్ళుగా ప్రపంచమంతా వాడుతున్న కలబంద' అని నేడు గుజ్జు సీసాల మీద కనిపించే చరిత్ర నిజానికి చాలావరకు మూసాంబరం చరిత్ర.

భారతదేశంలో మాత్రం మొక్క చేతికి అందుబాటులో ఉండటం వలన రెండింటి వాడుకా ఉన్నది. భావప్రకాశ నిఘంటువులో కుమారి గుణాలు చెప్పబడ్డాయి. ఆయుర్వేదంలో కుమార్యాసవం ప్రసిద్ధమైన మందు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో బెణుకులకు, వాపులకు మూసాంబరం నూరి పట్టు వేయడం, ఎండాకాలంలో తలకు గుజ్జు రాయడం పెద్దలు ఎరిగిన పద్ధతులు.

పసరు: విరేచనకారిగా రుజువైన మందు

మూసాంబరం నుండి అలోయిన్‌ను స్ఫటికాల రూపంలో మొదట వేరుచేసినది 1851లో ఎడిన్‌బరోకు చెందిన స్మిత్ సోదరులు. ఇది విరేచనాలు కలిగిస్తుందని అందరికీ తెలిసినా, ఎలా కలిగిస్తుందో తేలడానికి మరొక శతాబ్దానికి పైగా పట్టింది. అలోయిన్ జీర్ణకోశంలోను, చిన్నపేగులోను మార్పు లేకుండా సాగిపోతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిలోని చక్కెర భాగాన్ని తెంచి అలో ఎమొడిన్ ఆంత్రోన్ అనే పదార్థంగా మార్చిన తరువాతే అది పనిచేస్తుంది. పేగు కదలికలను పెంచి, నీరు తిరిగి రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది. రాత్రి మింగితే ఉదయానికి గాని ఫలితం కనిపించకపోవడానికి కారణం ఈ ప్రయాణమే.

జపాన్ పరిశోధకులు 1990లలో ఈ పనిచేసే సూక్ష్మజీవిని మనుషుల పేగు నుండి వేరుచేశారు. మామూలు ఎలుకలకు అలోయిన్ ఇస్తే విరేచనాలు కాలేదు. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలలో ఈ ఒక్క జీవిని ప్రవేశపెట్టి అలోయిన్ ఇచ్చినప్పుడు తీవ్రమైన విరేచనాలు అయ్యాయి. 1996లో ప్రచురితమైన ఈ ప్రయోగం చిన్నదే అయినా, ఒకే మోతాదు వేర్వేరు మనుషుల మీద వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి తోడ్పడింది. మోతాదును నమ్మకంగా నిర్ణయించలేకపోవడం ఈ మందుకు మొదటి నుండి ఉన్న లోపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో వెలువరించిన ఔషధ మొక్కల గ్రంథంలో ఎండిన పసరుకు ఒక వ్యాసము, గుజ్జుకు వేరొక వ్యాసము ఉన్నాయి. పసరును అప్పుడప్పుడు వచ్చే మలబద్ధకానికి కొద్ది రోజులు మాత్రమే వాడవచ్చునని, పదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదని పసరు వ్యాసం చెబుతుంది. ఎక్కువ కాలం వాడితే శరీరంలో పొటాషియం తగ్గుతుంది. గుండెజబ్బుకు డిగాక్సిన్ తీసుకొనేవారికి ఇది ప్రమాదకరం. 2002లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, చీటీ లేకుండా అమ్మే విరేచనకారి మందులలో కలబంద పసరును వాడటానికి వీలులేదని ఆదేశించింది. దాని భద్రతకు కావలసిన పరీక్షల ఫలితాలను తయారీదారులు సమర్పించకపోవడం అందుకు కారణం. పనిచేస్తుందని ఇంత స్పష్టంగా రుజువైన కలబంద మందు మరొకటి లేదు. ఇంత గట్టిగా ఆంక్షలు పడినదీ మరొకటి లేదు.

ఎక్స్-రే గాయాలతో మొదలైన గుజ్జు పరిశోధన

ఎక్స్-రేలు వాడుకలోకి వచ్చిన తొలి దశాబ్దాలలో వాటి మోతాదుపై అదుపు తక్కువ. రోగులకు, కొన్నిసార్లు వైద్యులకు కూడా చర్మం కమిలి, మానని పుండ్లు పడేవి. వీటికి సరైన మందు ఉండేది కాదు. 1935లో అమెరికాకు చెందిన కాలిన్స్, కాలిన్స్ అనే ఇద్దరు వైద్యులు, నుదుటిమీద ఇటువంటి గాయమైన ఒక స్త్రీకి పచ్చి కలబంద ఆకును వాడి, ఒక రోజులోనే దురద, మంట తగ్గాయని, కొన్ని వారాలలో చర్మం కోలుకున్నదని ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. ఆధునిక వైద్యంలో కలబంద గుజ్జు ప్రవేశం ఈ ఒక్క రోగి కథతో జరిగింది. దానితో పోల్చి చూడటానికి మరొక రోగి లేడు. అయినప్పటికీ వేరే మందు లేని గాయం కావడం వలన ఈ నివేదిక వేగంగా ప్రచారం పొందింది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అణుపరిశోధన కేంద్రాలలో రేడియేషన్ గాయాల సమస్య మరింత పెద్దదయింది. లాస్ అలమోస్‌లో పనిచేసిన లష్‌బా, హేల్ అనే పరిశోధకుడితో కలసి కుందేళ్ళ చర్మంపై బీటా కిరణాలు ప్రసరింపజేసి పుండ్లు కలిగించి, కొన్నింటికి కలబంద పూసి, కొన్నింటిని అలాగే వదిలి చూశాడు. 1953లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కలబంద పూసిన చోట్లు సుమారు రెండు నెలలలో మానగా, పూయని చోట్లు నాలుగు నెలలకు కూడా పూర్తిగా మానలేదు. చర్మపు ముక్కలను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి చెప్పిన మాట కావడం వలన దీనికి గౌరవం లభించింది.

అసలు పరీక్ష మనుషులలో, పెద్ద సంఖ్యలో, పోలికతో జరగడానికి 1990ల వరకు ఆగవలసి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొందుతున్న 194 మంది స్త్రీలను అమెరికాలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి కలబంద గుజ్జును, మరొక భాగానికి చూడటానికి అటువంటిదే అయిన ఉత్తుత్తి గుజ్జును ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకుగాని, చూసే వైద్యులకుగాని తెలియదు. 1996లో వెలువడిన ఫలితం: రెండు భాగాల మధ్య చర్మం కమలడంలో తేడా లేదు. ఉత్తుత్తి గుజ్జు కూడా కొంత ఉపశమనం కలిగిస్తున్నదేమో, అందుకే తేడా తెలియడం లేదేమో అన్న అనుమానంతో మరొక 108 మందిలో కలబందను ఏమీ పూయని వారితో పోల్చి చూశారు. అప్పుడూ తేడా లేదు. 2002లో ఆస్ట్రేలియాలో 225 మందిపై జరిగిన పరీక్షలో నొప్పి, చర్మం పొట్టులేవడం విషయాలలో కలబంద గుజ్జు కంటే సాధారణ నీటి క్రీమే మెరుగుగా కనిపించింది. 2013లో ఇరాన్‌లో 60 మందిపై జరిగిన చిన్న పరీక్ష కలబందకు అనుకూలంగా వచ్చినా, పెద్ద పరీక్షల తీర్పును అది మార్చలేదు.

ఒక రోగితో మొదలై, కుందేళ్ళతో బలపడి, వందల మంది రోగుల దగ్గర నిలవలేకపోయిన ఈ అరవై ఏళ్ళ వరుస వైద్య పరిశోధనలో తరచు కనిపించేదే. అయితే కుందేళ్ళ ప్రయోగం తప్పని దీని అర్థం కాదు. అక్కడ ఒక్కసారిగా పడిన లోతైన పుండును మాన్పడం చూశారు. ఇక్కడ వారాల తరబడి రోజూ పడే కిరణాల వలన కలిగే కమలడాన్ని ముందే ఆపడం చూశారు. పైగా మొదటిదానిలో వాడినవాటిలో తాజా ఆకు కూడా ఉన్నది, రెండవదానిలో వాడినది కర్మాగారంలో తయారైన గుజ్జు.

కాలిన గాయాలు

గుజ్జుకు అనుకూలంగా ఉన్న ఆధారాలలో బలమైనవి నిప్పు, వేడినీళ్ళ వలన కలిగే గాయాలకు సంబంధించినవి. 1995లో థాయిలాండ్‌లో 27 మంది రోగులలో ఒకే రోగి శరీరంపై ఒక గాయానికి కలబంద గుజ్జును, మరొక గాయానికి వాసెలీన్ పూసిన గుడ్డను వాడారు. కలబంద పూసినవి సగటున 11.89 రోజులలో, రెండవవి 18.19 రోజులలో మానాయి. 2009లో ఇరాన్‌లో 30 మందిపై ఇటువంటి పద్ధతిలోనే, ఆసుపత్రులలో సాధారణంగా వాడే సిల్వర్ సల్ఫాడయాజిన్‌తో పోల్చి చూడగా, కలబంద పక్షాన 15.9 రోజులు, రెండవదానికి 18.73 రోజులు పట్టాయి. 2007లో థాయి పరిశోధకులు అప్పటికి దొరికిన నాలుగు పరీక్షలను కలిపి చూశారు. మొత్తం 371 మంది రోగులు. కలబంద వాడిన వారిలో గాయం సుమారు 8.79 రోజులు ముందుగా మానినట్లు లెక్క తేలింది.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఇవన్నీ చర్మపు పై పొరలకు, లేదా పై పొరలతోపాటు లోపలి పొరలో కొంత భాగానికి పరిమితమైన గాయాలు. చర్మం పూర్తి మందాన కాలిపోయిన గాయాలకు ఈ ఫలితాలు వర్తించవు. అవి శస్త్రచికిత్స అవసరమైనవి. రెండవది, నాలుగు పరీక్షలలో వాడిన పదార్థాలు ఒకటి కావు. ఒకదానిలో తాజా గుజ్జు, మరొకదానిలో పొడి, ఇంకొకదానిలో క్రీము ఇలా ఉన్నప్పుడు సగటు తీయడం సులభమే గాని, ఆ సగటు దేనికి చెందినదో చెప్పడం కష్టం. ఈ సంగతిని ఆ సమీక్షకులే ఒప్పుకున్నారు.

ఎండకు కమిలిన చర్మం సంగతి వేరు. సముద్రతీరాలలో కలబంద గుజ్జు అమ్మకాలన్నీ ఈ ఒక్క నమ్మకం మీదనే నడుస్తున్నా, 2005లో థాయిలాండ్‌లో 20 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో కలబంద క్రీము కమలడాన్ని ఆపలేదు, తగ్గించనూ లేదు. 2008లో జర్మనీలో 40 మందిపై, కృత్రిమ అతినీలలోహిత కిరణాలతో ఎర్రబడిన చర్మానికి గుజ్జు పూసి రెండు రోజులు కప్పి ఉంచినప్పుడు మాత్రం ఎరుపు కొంత తగ్గింది.

శస్త్రచికిత్స గాయాలు: ఒక హెచ్చరిక

1991లో అమెరికాలో ఒక ప్రసూతి, స్త్రీ వైద్య విభాగంలో, కోత విడిపోయి తెరచుకున్న గాయాలున్న 21 మంది స్త్రీలపై ఒక పరీక్ష జరిగింది. కొందరికి మామూలు కట్టు, మరికొందరికి అదే కట్టుతోపాటు కలబంద గుజ్జు. కలబంద మేలు చేస్తుందనే ఆశతోనే దీనిని మొదలుపెట్టారు. మామూలు కట్టు కట్టినవారి గాయాలు సగటున 53 రోజులలో మానగా, కలబంద చేర్చినవారి గాయాలకు 83 రోజులు పట్టింది. అంటే ఒక నెల ఆలస్యం. సంఖ్య చిన్నదే అయినా తేడా పెద్దది. లోతుగా తెరచుకున్న గాయంలో గుజ్జు నింపడం మంచిది కాదనే సలహాకు ఈ పరీక్షే మూలం. చర్మం పైపొరకు మేలు చేసినది లోతైన గాయానికి చేస్తుందన్న హామీ లేదు.

2012లో కొక్రేన్ సంస్థ తరఫున చేసిన సమీక్ష, అన్ని రకాల గాయాలకు చెందిన ఏడు పరీక్షలను, 347 మంది రోగులను పరిశీలించి, కలబంద లేపనాలు గాని, కలబంద కట్లు గాని గాయాలను మాన్పుతాయని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. 2007 నాటి సమీక్షకు దీనికి మధ్య వైరుధ్యం కనిపించినా, మొదటిది కాలిన గాయాలకే పరిమితమైనదని, రెండవది పరీక్షల నాణ్యత విషయంలో కఠినమైనదని గమనించాలి.

చర్మవ్యాధులు, నోటి వ్యాధులు

సోరియాసిస్ విషయంలో రెండు పరీక్షలు ఎదురెదురుగా నిలబడ్డాయి. 1996లో ప్రచురితమైన మొదటిదానిలో 60 మంది రోగులు పాల్గొన్నారు. 0.5 శాతం కలబంద సారం ఉన్న క్రీము వాడిన 30 మందిలో 25 మందికి నయం కాగా, ఉత్తుత్తి క్రీము వాడిన 30 మందిలో ఇద్దరికి మాత్రమే నయమయింది. 2005లో డెన్మార్కులో 41 మందిపై, ఒకే మనిషికి ఒక పక్క బజారులో దొరికే కలబంద గుజ్జు, రెండవ పక్క ఉత్తుత్తి గుజ్జు పూసి చూసినప్పుడు, కలబంద పూసిన చోట్లలో 72.5 శాతం, ఉత్తుత్తి గుజ్జు పూసిన చోట్లలో 82.1 శాతం మెరుగుపడ్డాయి. అంటే చర్మాన్ని తడిగా ఉంచే ఏ లేపనమైనా కొంత మేలు చేస్తున్నదని, కలబందకు ప్రత్యేకత కనిపించలేదని అర్థం. మొదటి పరీక్షలో వాడినది సారము, రెండవదానిలో వాడినది తయారీ గుజ్జు కావడం ఇక్కడ కూడా చిక్కే.

నోటిలో తెల్లని చారలతో, పుండ్లతో బాధించే లైకెన్ ప్లేనస్ వ్యాధిపై 2008లో థాయిలాండ్‌లో జరిగిన పరీక్ష మరింత స్పష్టమైన ఫలితం ఇచ్చింది. కలబంద గుజ్జు వాడిన 27 మందిలో 22 మందికి, ఉత్తుత్తి గుజ్జు వాడిన 27 మందిలో ఒక్కరికి మాత్రమే చెప్పుకోదగ్గ మేలు కలిగింది.

లోపలికి తీసుకున్నప్పుడు

చక్కెర వ్యాధి ఉన్నవారు ఉదయాన్నే కలబంద రసం త్రాగడం మన ప్రాంతంలో విస్తారంగా ఉన్న అలవాటు. 1996లో థాయిలాండ్‌లో 72 మంది మధుమేహ స్త్రీలపై 42 రోజుల పాటు జరిగిన పరీక్షలో రసం త్రాగినవారికి రక్తంలో చక్కెర గణనీయంగా తగ్గింది. 2016లో వెలువడిన ఒక సమీక్ష 470 మంది పాల్గొన్న ఎనిమిది పరీక్షలను కలిపి, మధుమేహపు అంచున ఉన్నవారికి, వ్యాధి ఉన్నవారికి కూడా కొంత ప్రయోజనం ఉండవచ్చునని చెప్పింది. కాని ఆ పరీక్షలు చిన్నవి, కొద్ది వారాలవి, వాటిలో వాడిన తయారీలు వేర్వేరు. మామూలు మందు మానివేసి కలబంద రసం మీద ఆధారపడవచ్చునని వీటిలో ఏదీ చూపలేదు. మందుతోపాటు త్రాగేవారికి చక్కెర మరీ పడిపోయే అవకాశం కూడా లేకపోలేదు.

ఇదే విషయంలో భారతదేశంలో జరిగిన ఒక పెద్ద అధ్యయనాన్ని తరచు ఉదహరిస్తారు. 1985లో ప్రచురితమైన దానిలో గుండెనొప్పి ఉన్న 5000 మందికి ఐదేళ్ళ పాటు ఆహారంలో ఇసబ్గోల్ పొట్టును, కలబందను చేర్చగా కొలెస్ట్రాల్, చక్కెర తగ్గాయని చెప్పబడింది. 5000 అనే సంఖ్య ఆకట్టుకుంటుంది. కాని పోల్చడానికి వేరొక జట్టు లేదు. ఇసబ్గోల్ ఒక్కటే కొలెస్ట్రాల్‌ను తగ్గించగలదు కనుక అందులో కలబంద వాటా ఎంతో చెప్పలేము. 27 మందితో సరిగా చేసిన పరీక్ష ఇటువంటి విషయంలో 5000 మంది కంటే ఎక్కువ చెబుతుంది.

పెద్దపేగు పుండ్ల వ్యాధిపై 2004లో ఇంగ్లండులో 44 మందిపై జరిగిన పరీక్ష పద్ధతిగా జరిగినది. రోజుకు రెండుసార్లు 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారాలు గుజ్జు త్రాగిన 30 మందిలో 14 మందికి, ఉత్తుత్తి ద్రవం త్రాగిన 14 మందిలో ఇద్దరికి మేలు కనిపించింది.

అసిమన్నన్ కథ మరొకటి. ప్రయోగశాలలో ఇది రోగనిరోధక కణాలను ఉత్తేజపరచడం చూసి ఎయిడ్స్ రోగులలో పెద్ద ఆశలు పుట్టాయి. కెనడాలో 63 మందిపై 48 వారాల పాటు జరిగిన పరీక్ష ఫలితం 1996లో వెలువడింది. సీడీ4 కణాల సంఖ్య తగ్గడాన్ని అది ఆపలేదు. అమెరికాలో పశువైద్యంలో, కుక్కలకు, పిల్లులకు వచ్చే ఒక రకపు కణితిలో సహాయక చికిత్సగా మాత్రం అసిమన్నన్‌కు అనుమతి లభించింది.

గుజ్జు ఎలా పనిచేయవచ్చు

99 శాతం నీరైన గుజ్జు పూయగానే చల్లగా ఉండటానికి ప్రత్యేక రసాయనం అవసరం లేదు. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, జిగట పొర గాయం ఎండిపోకుండా కాపాడుతుంది. తడిగా ఉన్న గాయం పొడి గాయం కంటే త్వరగా మానుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకున్నదే. ఇంతకు మించి, మాన్నోజ్ గొలుసులు గాయంలోని కణాలపై పనిచేసి కొల్లాజెన్ తయారీని పెంచుతాయని జంతు ప్రయోగాలు సూచించాయి. 1976లో జపాన్ పరిశోధకులు ఈ ప్రజాతికి చెందిన మరొక మొక్కలో, నొప్పిని, వాపును కలిగించే బ్రాడికైనిన్‌ను ఛేదించే ఎంజైమును గుర్తించారు. ఎంజైములు వేడికి నశిస్తాయి. పొడవైన చక్కెర గొలుసులు కూడా వేడి వలన, నిల్వ వలన తెగిపోతాయి. ఆకు కోసిన తరువాత గంటలు గడిచేకొద్దీ గుజ్జు నీళ్ళగా మారడం ఎవరైనా గమనించవచ్చు.

క్యాన్సర్ ప్రశ్న

కలబంద రసం తయారీలో ఒక పద్ధతి తొక్క ఒలిచి గుజ్జునే తీసుకోవడం. మరొకటి, ఖర్చు తక్కువ కనుక, ఆకు మొత్తాన్ని నలగగొట్టడం. రెండవ పద్ధతిలో పసరు కూడా కలిసిపోతుంది. దానిని తొలగించడానికి ఉత్తేజిత బొగ్గు గుండా వడపోస్తారు. వడపోయకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం క్రింద ఎలుకలకు, చిట్టెలుకలకు రెండేళ్ళ పాటు త్రాగేనీటిలో వడపోయని పూర్తి ఆకు సారాన్ని ఇచ్చారు. 2013లో ఫలితాలు వెలువడ్డాయి. 1.5 శాతం మోతాదు వద్ద మగ ఎలుకలలో 74 శాతానికి, ఆడ ఎలుకలలో 39 శాతానికి పెద్దపేగులో కణితులు ఏర్పడ్డాయి. చిట్టెలుకలలో కణితులు రాలేదు. దీని ఆధారంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పూర్తి ఆకు సారాన్ని, మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల 2బి వర్గంలో చేర్చింది. ఈ వర్గం ఆధారం ఎంత బలమైనదో చెబుతుంది గాని, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. చర్మంపై పూసే గుజ్జుకు, వడపోసిన రసానికి ఈ తీర్పు వర్తించదు.

త్రాగే ఉత్పత్తులలో అలోయిన్ పది లక్షల భాగాలలో 10 భాగాలకు మించరాదని కలబంద పరిశ్రమకు చెందిన అంతర్జాతీయ మండలి పరిమితి పెట్టుకున్నది. 2021లో ఐరోపా సంఘం ఈ తరగతి రసాయనాలు ఉన్న కలబంద ఆకు తయారీలను ఆహారంలో నిషేధించింది. తయారీదారులు దావా వేయగా, ఐరోపా సంఘపు జనరల్ కోర్టు 2024లో కలబందకు సంబంధించిన ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

సీసాలో ఏమున్నది

2016లో అమెరికాలో ఒక వార్తాసంస్థ, పెద్ద దుకాణ సముదాయాలలో అమ్ముతున్న కొన్ని కలబంద గుజ్జులను ప్రయోగశాలలో పరీక్ష చేయించగా, వాటిలో కలబంద ఆనవాళ్ళే కనిపించలేదు. అసిమన్నన్, గ్లూకోజ్, మాలిక్ ఆమ్లం ఈ మూడూ ఉంటేనే అది కలబంద అని గుర్తిస్తారు. వాటి బదులు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే చవకైన పిండిపదార్థం కనిపించింది. అటువంటి సీసాతో చేసిన పరీక్షలో కలబంద పనిచేయలేదని తేలితే అది కలబంద తప్పు కాదు.

నాణ్యత పొలం దగ్గరే మొదలవుతుంది. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సిమ్-శీతల్ అనే కలబంద రకాన్ని విడుదల చేసింది. ఈ సంస్థకు హైదరాబాదులో కూడా పరిశోధన కేంద్రం ఉన్నది. వయసు, ఋతువు, నీటి తడులు మారితే ఆకులోని గుజ్జు, పసరు పాళ్ళు మారతాయి కనుక, రైతు ఎప్పుడు కోశాడన్నది కూడా మందు గుణాన్ని నిర్ణయిస్తుంది.

వాడుకలో జాగ్రత్తలు

పెరటి మొక్కను వాడేవారు మట్ట కోసిన వెంటనే దానిని కొంతసేపు నిలువుగా ఉంచి పసుపుపచ్చని పసరు పూర్తిగా కారిపోనివ్వాలి. తొక్కను, దాని అడుగున ఉన్న ఆకుపచ్చ పొరను తీసివేసి, గుజ్జును కడిగి వాడాలి. పసరు తగిలితే కొందరికి చర్మం దురద పెడుతుంది. కొందరికి గుజ్జు కూడా పడదు కాబట్టి ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి చూడటం మంచిది. చిన్నపాటి కాలిన గాయాన్ని మొదట చల్లని నీటి ధార క్రింద ఉంచిన తరువాతే దేనినైనా పూయాలి. బొబ్బలు చితికినవి, తెల్లగా గాని నల్లగా గాని మాడినవి, ముఖంపైన, కీళ్ళపైన అయినవి వైద్యునికి చూపవలసినవి.

కలబంద తయారీలను లోపలికి తీసుకున్న కొందరిలో కాలేయం వాచినట్లు 2005లో జర్మనీ నుండి, తరువాత కొరియా నుండి నివేదికలు వచ్చాయి. వాడకం మానిన తరువాత వారు కోలుకున్నారు. ఇటువంటి సంఘటనలు అరుదు. అయినా కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు తాము త్రాగుతున్న రసం సంగతిని వైద్యునికి చెప్పడం అవసరం. సీసా మీద 'పూర్తి ఆకు' అని ఉండి, పసరు తొలగించినట్లు ఎక్కడా వ్రాసి లేకపోతే దానిని రోజూ త్రాగరాదు.